కాపీరైట్ నోటీసు వస్తే సైటు మూసేయాలా? చిత్తూరు మిత్రుల ప్రశ్నకు జవాబు

మీరు చిత్తూరులో ఉంటూ, ఉమ్మడి జిల్లాలోని గుళ్ల వివరాలు, అన్నమయ్య సంకీర్తనల పాఠాలు, పాఠకులు పంపే ఫొటోలు, ఆడియోలతో ఒక తెలుగు వెబ్‌సైటు నడుపుతున్నారని, ఈమధ్య వెంటవెంటనే రెండు నోటీసులు వచ్చాయని రాశారు. మొదటిది అమెరికాలోని మీ హోస్టింగ్ కంపెనీ, అంటే మీ సైటు ఫైళ్లను తన సర్వర్లలో ఉంచే కంపెనీ, పంపింది. ఒక పాఠకుడు మీ సైటులో పెట్టిన కీర్తన ఆడియో తమదంటూ ఒక సంగీత సంస్థ డీఎంసీఏ అనే అమెరికా కాపీరైట్ చట్టం కింద ఫిర్యాదు చేసిందని అందులో ఉంది. రెండవది ఒక ఫొటో ఏజెన్సీ తరఫున వచ్చింది. మీ డిజైనర్ గూగుల్‌లో వెతికి ముఖపేజీలో పెట్టిన తిరుమల కొండల ఫొటోకు పరిహారం చెల్లించాలని, లేదంటే క్రిమినల్ కేసు పెడతామని హెచ్చరించారు. అమెరికా చట్టం మనకు వర్తిస్తుందా, ఏజెన్సీ అడిగిన డబ్బు కట్టాలా, భయం లేకుండా ఉండాలంటే కీర్తనల విభాగం మొత్తం తీసేయాలా అన్నవి మీ ప్రశ్నలు.

తిరుపతిలో న్యాయవాద వృత్తిలో ఉంటూ, చిన్న వెబ్‌సైట్లు నడిపేవారికి వచ్చే ఇలాంటి కాగితాలను ఏళ్లుగా చూస్తున్నవాడిగా ముందు మీకు ధైర్యం చెబుతాను. సైటు మూయనక్కరలేదు, కీర్తనల పాఠాలు తీయనక్కరలేదు. అయితే ఈ రెండు నోటీసులకూ ఒకే జవాబు పనికిరాదు. ఆడియో విషయంలో మీరు ఇతరులు పెట్టినదానికి చోటిచ్చినవారు మాత్రమే. ఫొటో విషయంలో మీరే ప్రచురణకర్త. ఇంటర్నెట్‌కు సంబంధించి చట్టాలు వెబ్‌సైటు యజమానికి ఇచ్చిన ప్రత్యేక రక్షణలన్నీ దాదాపుగా మొదటి పాత్రకే పరిమితం. అందువల్ల ఏ నోటీసు చేతికి వచ్చినా ముందుగా వేసుకోవలసిన ప్రశ్న, ఆ వస్తువును సైటులో పెట్టింది ఎవరు అన్నదే.

మీరు స్వయంగా గానీ, మీ డిజైనర్ ద్వారా గానీ పెట్టినదానికి 1957 నాటి మన కాపీరైట్ చట్టం నేరుగా వర్తిస్తుంది. ఫొటో తీసిన క్షణం నుంచే తీసినవారికి హక్కు పుడుతుంది. రిజిస్ట్రేషన్ చేయించుకోకపోయినా, ఫొటో మీద పేరు గానీ గుర్తు గానీ లేకపోయినా ఆ హక్కు పోదు. తీసినవారు విదేశీయులైనా తేడా లేదు, ఎందుకంటే దేశాలు ఒకరి కాపీరైట్‌ను ఒకరు గుర్తించే బెర్న్ ఒప్పందంలో మన దేశం 1928 నుంచీ ఉంది. ఫొటో కింద "గూగుల్ సౌజన్యంతో" అని రాయడం మనవాళ్లలో చాలామందికి అలవాటు. గూగుల్ ఆ ఫొటో ఎక్కడుందో చూపించిందే తప్ప దాని యజమాని కాదు కనుక, ఆ వాక్యం రక్షణగా పనికిరాకపోగా, ఫొటో మీది కాదని మీకు తెలుసుననడానికి సాక్ష్యంగా మారుతుంది.

ఇక చోటిచ్చినవారి పాత్రకు వస్తే, 2000 నాటి ఐటీ చట్టంలోని 79వ సెక్షన్ మధ్యవర్తులకు షరతులతో కూడిన రక్షణ ఇచ్చింది. అదే చట్టంలోని 81వ సెక్షన్ కాపీరైట్ హక్కులకు ఈ చట్టం అడ్డు రాదని చెప్పడంతో, కాపీరైట్ కేసుల్లో ఆ రక్షణ అసలు ఉందా లేదా అన్న వివాదం చాలాకాలం నడిచింది. వాడుకరులు పాటలు, వీడియోలు పెట్టుకునే మైస్పేస్ అనే సైటు కేసులో ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2011లో ఆ సైటుకు వ్యతిరేకంగా ఆదేశాలు ఇవ్వగా, 2016 డిసెంబరులో ద్విసభ్య ధర్మాసనం దానిని తిరగదోడి, రెండు సెక్షన్లనూ కలిపి చదవాలని, ఫలానా ఫైలు ఫలానా చోట ఉందన్న నిర్దిష్ట సమాచారం అందాకనే సైటు యజమానికి బాధ్యత మొదలవుతుందని తీర్పు చెప్పింది. మా పాటలన్నీ ఇవీ అని ఒక పెద్ద జాబితా పంపి, ఏది ఎక్కడుందో మీరే వెతుక్కోండి అంటే అది నిర్దిష్ట సమాచారం కాదు. నా దృష్టిలో చిన్న సైట్లకు మన న్యాయస్థానాలు చేసిన గొప్ప మేళ్లలో ఇది ఒకటి.

2012లో సవరించిన కాపీరైట్ చట్టంలోని 52వ సెక్షన్, దానికి అనుబంధంగా 2013లో వచ్చిన నియమాల్లోని 75వ నియమం కలిసి ఈ వ్యవహారానికి ఒక క్రమాన్ని ఏర్పరిచాయి. హక్కుదారు రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. అందులో కృతి ఏదో, అది తనదనడానికి ఆధారమేమిటో, చట్టం అనుమతించిన వాడకాల కిందికి అది ఎందుకు రాదో, సైటులో ఎక్కడుందో చెప్పి, 21 రోజుల్లో కోర్టు ఉత్తర్వు తెస్తానని హామీ ఇవ్వాలి. ఫిర్యాదు సరిగా ఉంటే మీరు 36 గంటల్లోగా ఆ వస్తువును అందకుండా చేసి, ఆ పేజీకి వచ్చేవారికి కారణం కనిపించేలా ఉంచాలి. 21 రోజుల్లో ఉత్తర్వు రాకపోతే తిరిగి పెట్టుకోవచ్చు. ఈ సెక్షన్ మాటలు తాత్కాలిక నిల్వను ఉద్దేశించినవి కనుక, పాఠకుడు పెట్టిన ఫైలు మీ సర్వరులో ఏళ్ల తరబడి ఉంటే ఇది వర్తిస్తుందా అన్నది వాదనకు తావున్న సంగతి. అయినా మైస్పేస్ తీర్పులోనూ 36 గంటల గడువే ప్రస్తావనకు వచ్చింది కాబట్టి, ఆ గడువును పాటించినవారికి నష్టం లేదు, పాటించనివారికి రేపు కోర్టులో చెప్పుకోవడానికి ఏమీ ఉండదు.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. పాఠకులు పంపినవన్నీ వాటంతట అవే సైటులోకి ఎక్కుతుంటే మీరు మధ్యవర్తి. వచ్చినవాటిలోంచి మీరే ఏరి, దిద్ది, శీర్షిక పెట్టి ప్రచురిస్తుంటే 79వ సెక్షన్ రక్షణ బలహీనపడుతుంది, ఎందుకంటే సమాచారాన్ని ఎంపిక చేయకపోవడం, మార్చకపోవడం ఆ రక్షణకు షరతులు. మీ సైటులో పాఠకుల ఆడియోలు నేరుగా ఎక్కుతాయని, ఫొటోలను మాత్రం మీరే ఎంచుకుంటారని రాశారు. అలాగైతే ఆ ఫొటోలకు సంబంధించి మిమ్మల్ని మీరు ప్రచురణకర్తగానే భావించుకుని నడుచుకోండి. అలాగే 2021 నాటి ఐటీ నిబంధనల ప్రకారం ఫిర్యాదులు స్వీకరించే అధికారి పేరు, సంప్రదించే మార్గం సైటులో ప్రకటించాలి. చిన్న సైటులో ఆ అధికారి మీరే కావచ్చు.

అమెరికా చట్టం గురించి. డీఎంసీఏ 1998లో అమెరికా కాంగ్రెస్ చేసిన చట్టం. చిత్తూరులో ఉన్న మీ మీద అది నేరుగా అధికారం చలాయించదు. కానీ మీ ఫైళ్లు ఉంచుకున్న కంపెనీ ఆ దేశానిది. ఫిర్యాదు అందాక వెంటనే తొలగిస్తేనే ఆ కంపెనీకి రక్షణ దక్కుతుంది, పదేపదే ఉల్లంఘించేవారి ఖాతాలు మూసివేసే విధానం కూడా దానికి ఉండి తీరాలి. అంటే మీరు జవాబివ్వకుండా ఊరుకుంటే కేసు రాకపోవచ్చు, కానీ సైటే మాయమవుతుంది. ఆ కంపెనీ షరతులకు మీరు ఒప్పుకున్నారు గనుక ఆ దారిలో అమెరికా చట్టం మీ ఇంటిదాకా వచ్చినట్టే. కాబట్టి ఆ ఆడియోను ఈరోజే అందకుండా చేసి, తొలగించానని హోస్టింగ్ కంపెనీకి తెలియజేసి, నోటీసు ప్రతిని దానిని పెట్టిన పాఠకుడికి పంపండి.

ఆ ఆడియో తాను పాడిందేనని, ఫిర్యాదు పొరపాటని పాఠకుడు అంటే, ఆ చట్టంలోనే ఎదురు నోటీసుకు (కౌంటర్ నోటీసు) వీలుంది. అది అందాక ఫిర్యాదుదారు దావా వేయకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో కంపెనీ ఆ వస్తువును తిరిగి అందుబాటులోకి తేవాలి. కానీ ఎదురు నోటీసు ఇచ్చేవారు తమ మాట అబద్ధమైతే శిక్షకు సిద్ధమని ప్రకటించి, అమెరికా ఫెడరల్ కోర్టు పరిధికి లోబడతామని రాసి ఇవ్వాలి. మన ప్రాంతంలో ఉంటూ ఆ వాక్యం కింద సంతకం పెట్టడం తేలిక వ్యవహారం కాదు. ఆడియో తమదేనన్న పూర్తి నమ్మకం, ఆధారం ఉంటే తప్ప పెట్టవద్దని నా సలహా. తప్పుడు ఫిర్యాదు తేలికగా పంపగలిగేలా, దానికి జవాబు మాత్రం కష్టంగా ఉండేలా ఈ చట్టం తయారైందన్నది నా దృఢమైన అభిప్రాయం. తెలిసి తప్పుడు ఫిర్యాదు చేసినవారు నష్టపరిహారం ఇవ్వాలని అందులో ఉన్నా, దానిని వసూలు చేసుకోవాలంటే అమెరికాలోనే దావా వేయాలి.

ఇప్పుడు కీర్తనల సంగతి. మన తిరుపతి ప్రాంతపు సైట్లన్నిటికీ ఇదే అసలు చిక్కు గనుక దీనిని కాస్త విడమరిచి చెబుతాను. అన్నమాచార్యులు 1408 నుంచి 1503 వరకు జీవించారు. ఆయన సాహిత్యం మీద ఇవాళ ఎవరికీ కాపీరైట్ లేదు. ఆయన కీర్తనలు చెక్కిన రాగిరేకుల మీద ఉన్న పాఠాన్ని మీరు టైపు చేసి పెడితే ఆపగల హక్కు ఏ సంస్థకూ లేదు. కానీ ఒక పుస్తకంలోని పీఠిక, తాత్పర్యం, వ్యాఖ్యానం వేరు. అవి రాసినవారి మరణం తరువాత వచ్చే జనవరి 1 నుంచి 60 ఏళ్ల వరకు రక్షణలో ఉంటాయి. తాళ్లపాక సాహిత్యాన్ని లోకానికి అందించడంలో తిరుపతిలో ఎంతో శ్రమించిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కాలం చేశారు కాబట్టి ఆయన రచనల గడువు 2010 చివరితో తీరింది. వాటిని నిస్సంకోచంగా వాడుకోవచ్చు, పేరు చెప్పడం మాత్రం మన ధర్మం. ఆ తరువాత అదే కృషిని కొనసాగించిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారు 1979లో కన్నుమూశారు. ఆయన రచనలకు, స్వరరచనలకు 2039 డిసెంబరు 31 వరకు రక్షణ ఉంది, ఆ హక్కు ఇప్పుడు ఎవరి చేతిలో ఉన్నా సరే.

స్వరరచన అన్నాను కదా, చిక్కంతా అక్కడే ఉంది. రాగిరేకుల మీద కీర్తనకు రాగం పేరు ఉంది గానీ స్వరలిపి లేదు. అన్నమయ్య ఏ వరుసలో పాడుకున్నారో మనకు దక్కలేదు. ఇవాళ మనం వింటున్న బాణీల్లో ఎక్కువభాగం 20వ శతాబ్దపు విద్వాంసులు కట్టినవే. సాహిత్యం 500 ఏళ్ల నాటిదైనా బాణీ నిన్నమొన్నటిది కావచ్చు. ఉదాహరణకు నేదునూరి కృష్ణమూర్తిగారు 2014లో స్వర్గస్థులయ్యారు కనుక ఆయన కట్టిన వరుసల గడువు 2074 చివరి వరకు ఉంటుంది. వీటికి తోడు, పాడినవారికి ఆ గానం మీద 50 ఏళ్లు, రికార్డు చేసిన సంస్థకు ఆ రికార్డు మీద విడుదల నుంచి 60 ఏళ్లు వేరువేరు హక్కులు ఉన్నాయి. 1964లో విడుదలైన ఒక రికార్డు మీద సంస్థ హక్కు 2024తో ముగిసినా, అందులోని బాణీ మీద హక్కు మిగిలే ఉండవచ్చు. ఒకే కీర్తనలో సాహిత్యం, బాణీ, గానం, రికార్డు అని నాలుగు పొరలున్నాయని గుర్తుపెట్టుకుని, ఏ పొరకు ఎవరు యజమానో విడివిడిగా చూసుకుంటే మీ విభాగంలో ఏది ఉంచాలో, ఏది తీయాలో మీకే తెలిసిపోతుంది. సాహిత్య పాఠాలు ఉంచండి. దుకాణంలో కొన్న సీడీలోంచి తీసి పెట్టిన ఆడియోలు తీసేయండి. పాఠకులు స్వయంగా పాడినవైతే, ఆ వరుస ఎవరిదో రాయమని అడగండి.

గుళ్లో ఉత్సవంలోనూ, పెళ్లి ఊరేగింపులోనూ ఈ పాటలే పెడుతున్నారు కదా అని మీకు అనిపించవచ్చు. నిజమైన మతపరమైన వేడుకల్లో పాడటానికి, రికార్డులు వినిపించడానికి చట్టమే మినహాయింపు ఇచ్చింది, పెళ్లి వేడుకలను కూడా అందులో చేర్చింది. అదే పాటను లోకమంతా ఎప్పుడు కావాలంటే అప్పుడు వినేలా సైటులో ఉంచితే మాత్రం ఆ మినహాయింపు దానిని కాపాడదు.

గుళ్ల వివరాల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. కాణిపాకం దర్శన వేళలు, శ్రీకాళహస్తికి బస్సులు, సేవల రుసుములు, స్థలపురాణంలోని కథ, ఇవన్నీ వాస్తవాలు లేదా అనాదిగా ఉన్న సంగతులు. వాటి మీద కాపీరైట్ ఉండదు. మరొకరు వాటిని చెప్పిన వాక్యాలను మక్కీకి మక్కీ దించుకోకుండా మీ మాటల్లో రాస్తే చాలు. గోపురాన్ని మీరు బయటినుంచి ఫొటో తీసి ప్రచురించడానికి కాపీరైట్ చట్టం అడ్డుకాదు. తిరుమల ఆలయం లోపలికి ఫోన్లు, కెమెరాలు తీసుకుపోకూడదన్నది దేవస్థానం కట్టుబాటు, దానికి కాపీరైట్‌తో సంబంధం లేదు.

ఇక ఫొటో ఏజెన్సీ లేఖ. ఇది మీ రెండు నోటీసుల్లో బరువైనది, ఎందుకంటే ఇక్కడ మధ్యవర్తి రక్షణ మీకు లేదు. క్రిమినల్ కేసు మాట ఉత్త బెదిరింపని కొట్టిపారేయలేము. 63వ సెక్షన్ కింద 6 నెలల నుంచి 3 ఏళ్ల వరకు జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల వరకు జరిమానా ఉన్నాయి. ఇది పోలీసులు నేరుగా కేసు పెట్టగల, బెయిలు హక్కుగా దొరకని నేరమని సుప్రీంకోర్టు 2022 మే నెలలో తీర్పు చెప్పింది. ఈ తీర్పు చిన్నవారి చేతులు వణికించేదిగా ఉందని, సివిల్ వివాదంగా తేలవలసినదానిని పోలీసు స్టేషనుకు ఈడ్చే అవకాశం ఇచ్చిందని నా బాధ. అయితే తెలిసి చేసిన ఉల్లంఘనకే ఆ సెక్షన్ వర్తిస్తుంది. వ్యాపార లాభం కోసం చేయనప్పుడు కారణాలు రాసి శిక్ష తగ్గించే అధికారం కోర్టుకు ఉంది.

డబ్బు సంగతికి వస్తే, ఇలాంటి లేఖల్లో 1,50,000 డాలర్ల అంకె తరచుగా కనిపిస్తుంది. అది అమెరికా చట్టంలో ఒక్కో కృతికి ఉద్దేశపూర్వక ఉల్లంఘన విషయంలో పెట్టిన గరిష్ఠ మొత్తం. మన చట్టంలో అలా ముందే నిర్ణయించిన పరిహారం లేదు. నష్టం ఎంతో హక్కుదారు రుజువు చేయాలి. కాబట్టి ఫొటోను వెంటనే తీసేయండి, కానీ తీసేముందు ఆ పేజీ ప్రతిని, ఫొటో ఎప్పుడు పెట్టారో తెలిపే వివరాన్ని భద్రపరచండి. ఆ తరువాత ఏజెన్సీకి మర్యాదగా ఒక లేఖ రాసి, ఫొటో తీసినవారెవరో, వారి నుంచి తమకు హక్కు ఎలా వచ్చిందో చూపే పత్రం ఏదో, అలాంటి వాడకానికి తాము మామూలుగా వసూలు చేసే రుసుము ఎంతో అడగండి. తప్పు ఒప్పుకుంటున్నట్టు గానీ, అడిగినంత ఇస్తానని గానీ రాయకండి. వారి పత్రాలు సరిగ్గా ఉంటే మామూలు రుసుముకు దగ్గరగా మాట్లాడుకుని, ఇక ఏ క్లెయిమూ లేదని రాతపూర్వకంగా తీసుకుని పరిష్కరించుకోవడం మేలు. పత్రాలు చూపకుండా బెదిరింపులే కొనసాగిస్తే, ఆధారం లేని బెదిరింపులను ఆపమని కోర్టును ఆశ్రయించే హక్కు 60వ సెక్షన్ మీకు ఇచ్చింది. ఈ సెక్షన్ ఉందని తెలిసినవారు చాలా తక్కువ.

ఆ ఫొటో మొదట క్రియేటివ్ కామన్స్ లైసెన్సుతో వికీమీడియా కామన్స్ వంటి చోట ఉందేమో కూడా చూడండి. ఉంటే, ఉచితంగా వాడుకునే హక్కు ఉంటుంది, కానీ తీసినవారి పేరు, లైసెన్సు పేరు ఇవ్వకపోతే ఆ హక్కు రద్దవుతుంది. ఈ లైసెన్సుల 4.0 వెర్షనులో, లోపం మీకు తెలిసిన 30 రోజుల్లో సరిదిద్దుకుంటే హక్కు దానంతటదే తిరిగి వస్తుంది. పాత లైసెన్సుల్లో ఆ వెసులుబాటు లేదు.

ముందు ముందు ఇలాంటి తలనొప్పి రాకుండా ఒక పని తప్పక చేయండి. మీకు వ్యాసాలు రాసి ఇచ్చే విద్యార్థులతో, డిజైనరుతో రాతపూర్వక ఒప్పందం చేసుకోండి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటో మీద, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కు తీయించుకున్నవారిదే. కానీ డబ్బిచ్చి బయటివారితో రాయించుకున్న వ్యాసం మీద హక్కు రాసినవారి దగ్గరే ఉంటుంది. సంతకంతో రాసి ఇస్తే తప్ప అది మీకు బదిలీ కాదు. ఆ పత్రంలో కాలవ్యవధి రాయకపోతే 5 ఏళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని 19వ సెక్షన్ లెక్కగడుతుంది. వెబ్‌సైటును డల్లాస్‌లోనూ చదువుతారు కాబట్టి ప్రపంచమంతటికీ, హక్కు ఉన్నంతకాలానికీ అని స్పష్టంగా రాయించుకోండి.

సైటులో మీ పేరు, చిరునామా దాచకండి. 2019లో ఢిల్లీ హైకోర్టు పైరసీ సైట్లను మొత్తంగా నిరోధించే ఆదేశాలు ఇస్తూ, ఎలాంటి సైటును దొంగ సైటుగా పరిగణించాలో కొన్ని గుర్తులు చెప్పింది. ఉల్లంఘనే ప్రధాన ఉద్దేశం కావడం, యజమాని వివరాలు దాచిపెట్టడం, నోటీసులకు స్పందించకపోవడం వాటిలో ఉన్నాయి. మీ సైటు ఆ కోవలోకి ఎన్నడూ రాకుండా చూసుకోవడం మీ చేతుల్లోనే ఉంది.

చివరిగా, ఏజెన్సీ నిజంగానే దావా వేస్తే అది చిత్తూరులోనే వేయాలని లేదు. హక్కుదారు తాను నివసించే లేదా వ్యాపారం చేసే చోట వేసుకునే వీలును 62వ సెక్షన్ ఇచ్చింది. 2015లో సుప్రీంకోర్టు దానికి కొంత హద్దు పెట్టినా ఆ వీలు పూర్తిగా పోలేదు. కనుక ఢిల్లీ నుంచో ముంబయి నుంచో సమన్లు వస్తే పక్కన పడేయకండి. వాణిజ్య దావాల్లో సమన్లు అందిన 30 రోజుల్లో లిఖితపూర్వక జవాబు దాఖలు చేయాలి, కోర్టు అనుమతించినా 120 రోజులు దాటితే ఆ హక్కే పోతుంది. సమన్లు అందిన రోజునే తేదీ వేసుకుని, భద్రపరచిన పేజీ ప్రతి, ఏజెన్సీతో నడిచిన ఉత్తరాలు, డిజైనరుకు చెల్లించిన రసీదు తీసుకుని న్యాయవాదిని కలవండి. ఖర్చు భరించలేని పరిస్థితి అయితే, ఆదాయ పరిమితికి లోబడినవారికి జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఏర్పాటు చేస్తుంది. చిత్తూరు కోర్టు ఆవరణలో విచారించండి.